అట్టుకి రెండోవైపు

అట్టు తిరగెయ్యడానికి కళ్ళు అక్కర్లేదని నేనన్నప్పుడు మా అత్తగారు ముక్కుమీద వేలేసుకున్నారు. వేలేసుకున్నారని నాకెలా తెలుసంటారా? పక్కనే వున్న మా అమ్మాయి చెప్పింది. ఈమధ్య మా ఇంట్లో ఎవరు ఏ మొహం పెట్టినా ఆ సమాచారం ఆకాశవాణి వార్తల్లాగా మా అమ్మాయి ద్వారానే నాకు అందుతూ వుంటుంది. "నాన్నమ్మ ముక్కుమీద వేలేసుకుంది. నాన్న పేపరు వెనకాల దాక్కున్నారు. తమ్ముడు నవ్వు ఆపుకుంటున్నాడు. వార్తలు సమాప్తం."

మీరే చెప్పండి. పొద్దున్నే హడావిడిలో పెనం మీద అట్టు పోసి మీరు దేన్ని చూస్తూ వుంటారు? అట్టునా? అబద్ధం చెప్పకండి. చెవి కుక్కరు కూత మీద, కన్ను గోడగడియారం మీద, నోరు పిల్లల మీద వుంటాయి. అయినా అట్టు మాడదు. సమయానికి చెయ్యి దానంతట అదే అట్లకాడ అందుకుంటుంది. నేనూ ఇరవయ్యేళ్ళు అలాగే పోశాను. అలా పోసిన రోజుల్లో ఈ సంగతి తట్టలేదు. కళ్ళు పోయాక తట్టింది.

"కళ్ళు పోయాక" అన్నానని నొచ్చుకోకండి. మా ఇంట్లో ఆ మాట నిషేధం. "చూపు కాస్త మందగించింది" అనాలి. చుట్టాలెవరైనా వస్తే అది కూడా గొంతు తగ్గించి అంటారు, అక్కడికి నాకు పోయింది చెవులైనట్టు! ఉన్నమాట అనేస్తేనే నాకు హాయిగా వుంటుంది. వెలుగూ చీకటీ తెలుస్తాయి. కిటికీ ఎటు వుందో తెలుస్తుంది. తెల్లచీర కట్టుకున్న మనిషి ఎండలో ఎదురుగా వస్తే ఏదో కదిలినట్టు తెలుస్తుంది. అంతే.

ఇదేమీ రాత్రికి రాత్రి వచ్చిపడింది కాదు. గోదావరి జిల్లాలో మా వూళ్ళో అట్లతద్ది అంటే ఆడపిల్లలకి పెద్ద సందడి. ముందురోజు గోరింటాకు, తెల్లవారకముందే లేచి గోంగూర పచ్చడితో, పెరుగుతో అన్నాలు, తరవాత ఉయ్యాలలు. సాయంత్రం చంద్రుణ్ణి చూసి అట్లు తినాలి. ఆశ్వయుజ బహుళ తదియ కదా, చంద్రుడు వెంటనే రాడు. పొద్దుగూకి చాలాసేపయ్యాక, మా కడుపుల్లో ఎలకలు పరిగెత్తడం మొదలయ్యాక, తీరిగ్గా వస్తాడు. చీకట్లో పిల్లలందరూ పెరట్లో పరిగెడుతూంటే నేను మా అక్క జడకుచ్చులు పట్టుకుని నడిచేదాన్ని. "అదిగో కొబ్బరిచెట్టు వెనకాల" అని అందరూ అరిచేవాళ్ళు. కొబ్బరిచెట్టే కనిపించని దానికి దాని వెనకాల చంద్రుడేం కనిపిస్తాడు? ఆకాశమంతా వెతికి వెతికి, ఆకలికి ఆగలేక "ఆఁ, కనిపించాడు, కనిపించాడు" అనేసేదాన్ని. చుక్కల సంగతైతే మరీను. అందరికీ ఇంతేనేమో, ఊరికే పెద్దవాళ్ళు అన్నారని ఊఁ కొడతారేమో అనుకునేదాన్ని.

రేచీకటని మా అమ్మకి తెలుసు. మునగాకు కూర వండి తినిపించేది. తిండిలో లోపం వల్ల వచ్చే రేచీకటికి ఆకుకూర మంచిదే గానీ, నాది ఆ రకం కాదని ఆవిడకేం తెలుసు పాపం. ఒక మునగచెట్టు మొత్తం నా కడుపులోకే పోయింది.

ఇక నా పెళ్ళి ముహూర్తం పగలు పదకొండు గంటలకి. పురోహితుడుగారు మమ్మల్నిద్దర్నీ పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, మండే ఎండలో ఆకాశంకేసి చూపించి "అరుంధతి కనిపించిందా?" అన్నారు. నేను అలవాటు ప్రకారం కనిపించిందన్నాను. మా వారూ కనిపించిందన్నారు. ఆవిధంగా మా సంసారం ఇద్దరం కలిసి ఆడిన ఒక అబద్ధంతో మొదలైంది.

ముప్పై రెండో ఏట డాక్టరుగారు కంట్లో చుక్కలు వేసి, లోపలికి దీపం వేసి చూసి, మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీ అమ్మానాన్నలది మేనరికమా?" అవునన్నాను. ఆ జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి వెనకాల తెరలో మసకచీకట్లో చూడ్డానికి పనికొచ్చే కణాలు వేరే వుంటాయిట. ముందు అవి పాడవుతాయి. తరవాత చూపు అంచులనుంచి లోపలికి మూసుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. నా గొట్టం పదేళ్ళలో బొంగరం ములుకంత అయి, మూడేళ్ళ కిందట పత్రికలో అచ్చక్షరాలు కూడా దాంట్లో పట్టకుండా పోయాయి. 2017లో అమెరికాలో ఇలాంటి ఒక జబ్బుకి, ఒకే ఒక్క జన్యువులో లోపం వుంటే పనిచేసే చికిత్సని ఆమోదించారు. పరీక్ష చేయిస్తే నాది ఆ జన్యువు కాదు. మా ఇంటి అడ్రసుకి ఒక మంచి ఉత్తరం వచ్చి, తీరా చూస్తే పక్కింటివాళ్ళదైనట్టయింది.

సరే, అసలు సంగతి వంటిల్లు.

ఒకరోజు చారు గిన్నెలో పోస్తున్నాననుకుని గిన్నె పక్కన పోశాను. అంటే నా పాదం మీద. పదిరోజులు బొబ్బలతో మంచం దిగలేదు. ఆ పదిరోజుల్లో నా సామ్రాజ్యం కూలిపోయింది. పొద్దున్న పూటకి వంటమనిషి వచ్చింది. సాయంత్రాలకి, డెబ్భై నాలుగేళ్ళ వయసులో, మా అత్తగారు మళ్ళీ కొంగు దోపుకుని పొయ్యి దగ్గర నిలబడ్డారు. నేను లేవబోతే "కూచోమ్మా, కూచో". నీళ్ళు తాగబోతే "కూచో, తెస్తాను". చిన్నప్పటినుంచీ ఎవరైనా కూచోపెట్టి వండి పెడితే బాగుండునని కలలు కన్న మనిషిని నేను. ఆ కల నిజమైన నాలుగో రోజుకి అర్థమైంది, అది ఇంటి ఇల్లాలికి చేసే మర్యాద కాదు, చుట్టానికి చేసే మర్యాద అని. చుట్టమైనా నాలుగు రోజులకి వెళ్ళిపోవచ్చు. నేనెక్కడికి పోను?

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. టీ పెట్టుకుందామనిపించింది. గిన్నెలో నీళ్ళు కొలిచి పొయ్యిమీద పెట్టి నాబ్ తిప్పాను. చప్పుడు లేదు. లైటరు నొక్కాను. లేదు. సిలిండరు అయిపోయిందేమోనని వంగి తడిమితే రెగ్యులేటరు కట్టేసి వుంది. అప్పుడు గుర్తొచ్చింది. వారంరోజులుగా మా వారు ఆఫీసుకి బయల్దేరేముందు మంచినీళ్ళకని వంటింట్లోకి వెడుతున్నారు. 'టక్' అని ఒక చప్పుడు నేను రోజూ వింటూనే వున్నాను. బిందె మూత అనుకున్నాను.

తిప్పితే తెరుచుకునేదే అది. నేను తెరవలేదు. హాల్లోకి వచ్చి కూచున్నాను.

రాత్రి భోజనాలయ్యాక అన్నాను, "రేపట్నించి మీ మంచినీళ్ళు నేనే తెచ్చి ఇస్తానండీ" అని. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. చివరికి, "నీ పాదం మీద ఆ బొబ్బలు నేను చూశాను కదా" అన్నారు. "మీరు చూశారు, నేను పడ్డాను" అన్నాను. ఆ తరవాత ఇద్దరం దానిగురించి మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు 'టక్' వినపడలేదు. ఆయన మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు.

అప్పుడే నేనొక టీచరుగారికి ఫోను చేశాను. అంధుల పాఠశాలలో పనిచేసి రిటైరయినావిడ. పుట్టుకతోనే చూపు లేదు. ఎప్పుడో నా నవల ఒకటి ఎవరిచేతో చదివించుకుని, నాయిక మరీ ఊరికే ఏడుస్తోందని నాకు ఉత్తరం రాయించారు. నేను "అట్టు పోయడం నేర్పండి" అనగానే ఆవిడ నవ్వారు. "ఇంతకీ అట్టుతోనే ఎందుకు మొదలు? ఉప్మా వుందిగా" అన్నారు. అట్లతద్ది వస్తోందన్నాను. "ఐతే సరే" అన్నారు.

ఆవిడ ఫోనులో చెప్పినవన్నీ ఇక్కడ రాయను గానీ, మొట్టమొదటిది మాత్రం చెప్పి తీరాలి: మంట వెలిగించి దానిమీద పెనం పెట్టడం కాదు, పెనం పెట్టి, అది సరిగ్గా నడిమధ్య కూచుందో లేదో చల్లగా వున్నప్పుడే తడిమి చూసుకుని, ఆ తరవాత వెలిగించాలి. ఎంత చిన్న విషయం! కళ్ళున్న ఇరవయ్యేళ్ళూ నేను తిరగేసి చేశాను. చీర కొంగు నడుముకి గట్టిగా బిగించాలి, నైలాను చీరలు పొయ్యి దగ్గరికి రాకూడదు. పెనం పిడి ఎప్పుడూ ఒకే దిక్కుకి, గడియారంలో నాలుగు గంటల ముల్లులాగా వుండాలి. ఇక తిరగెయ్యడం పొయ్యిమీద నేర్చుకోకూడదు. చల్లటి పెనం మీద బ్రెడ్డు ముక్క వేసుకుని నేర్చుకోవాలి.

వారంరోజులు మా ఇంట్లో బ్రెడ్డు ముక్కలన్నీ పల్టీలు కొట్టాయి. "జ్వరమొచ్చిన ఇల్లులాగా ఈ బ్రెడ్డేమిటే అమ్మాయ్?" అన్నారు మా అత్తగారు. మొదట్లో పదిసార్లు తిరగేస్తే ఆరుసార్లు గట్టుమీద పడేది. లోపం ఎక్కడుందో కనుక్కోడానికి మూడు రోజులు పట్టింది. భయంకొద్దీ నేను అట్లకాడని పైకి ఎత్తేస్తున్నాను. ఎత్తకూడదు. అట్లకాడ అంచు పెనాన్ని వదలకుండానే మణికట్టు తిరగాలి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు. ఎడమచెయ్యి పిడిమీద వుంటే పెనం ఎక్కడుందో కుడిచేతికి అదే చెబుతుంది.

తరవాత నిజం అట్టు. ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి, ఎందుకంటే ఇదంతా మీ వంటింట్లో కూడా రోజూ జరుగుతున్నదే.

పెనం కాలిందో లేదో నీళ్ళు చిలకరిస్తే అదే చెబుతుంది. కాలని పెనం మీద చుక్క మూలుగుతూ మూలుగుతూ ఆరుతుంది. సరిగ్గా కాలినదానిమీద 'చుయ్' మని ఒక్క క్షణంలో ముగుస్తుంది. మరీ కాలిపోతే చుక్క ఆరదు, గోళీలాగా దొర్లి అంచుదాకా పోతుంది. ఆ చప్పుడు వేరు. అప్పుడు మంట తగ్గించి, సగానికి కోసిన ఉల్లిపాయకి ఫోర్కు గుచ్చి నూనెలో ముంచి పెనమంతా రుద్దాలి. ఉల్లిపాయ ఘాటు ముక్కుకి తగిలిందంటే పెనం సిద్ధం.

పిండి ఒక గరిటె నిండా. కారేది కారాక, నడిమధ్య పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా లోపలనుంచి బయటికి తిప్పుకుంటూ రావాలి. నేను ఐదు చుట్లు లెక్కపెడతాను. గరిటె కింద పిండి పల్చబడుతూంటే వేళ్ళకి తెలుస్తుంది. మొదట మెత్తగా జారినది చివరికి గరగరమంటుంది. అది ఆగమన్న గుర్తు.

ఇక వినాలి. పోసిన వెంటనే పెద్ద వానలాగా చప్పుడు. అదంతా పిండిలో నీళ్ళు. నీళ్ళు తగ్గినకొద్దీ వాన సన్నబడుతుంది. పెద్ద చప్పుడు పోయి చిటపటలు మిగులుతాయి. పచ్చిపిండి వాసన పోయి, వేగిన మినప్పప్పు వాసన మొదలవుతుంది. పెసరట్టైతే పసరువాసన పోయి అల్లం, జీలకర్ర ముందుకొస్తాయి. అప్పుడు అట్లకాడ అంచు కిందికి పోనిచ్చి చుట్టూ ఒక తిప్పు తిప్పాలి. అట్టు ఎక్కడైనా పట్టుకుంటే ఇంకా సమయం కాలేదని అర్థం, బలవంతం చెయ్యకూడదు. కాలిన అట్టు దానంతట అదే పెనాన్ని వదిలేస్తుంది.

ఇంత చదువుకున్నాక కూడా నా మొదటి అట్టు సగం పెనం మీదా సగం బర్నరు మీదా పడి ఇల్లంతా పొగయ్యింది. రెండోది మడతపడింది. మూడోది పళ్ళెంలో వేస్తే మా వాడు పరీక్షగా చూసి, "అమ్మా, ఇది అచ్చం కృష్ణా జిల్లా" అన్నాడు. నాలుగోది శ్రీకాకుళం. 2022లో మన రాష్ట్రంలో 13 జిల్లాలని 26 చేశారు కదా, నేనైతే ఒక్క ఆదివారం పొద్దున్నే అంతపనీ చేశాను.

ఒక్కటి చెప్పొద్దూ, ఈ వ్యవహారంలో నన్ను నిజంగా ఏడిపించింది నిప్పు కాదు. కళ్ళున్నవాళ్ళ అలవాట్లు! ఉప్పుడబ్బాకి ఒక రబ్బరుబ్యాండు, పంచదారకి రెండు, వాటి చోట్లు ఖాయం. పోపులపెట్టెలో ఆవాలు పైన, జీలకర్ర కుడిపక్క. మా ఇంట్లో మిగిలిన నలుగురూ వాడుకుని ఎక్కడ పడితే అక్కడ పెడతారు. వాళ్ళకేం, చూస్తే కనిపిస్తుంది. నేను చెయ్యి చాస్తే అక్కడ శూన్యం. ఒకరోజు అట్లకాడ కోసం పదినిమిషాలు గట్టంతా తడిమాను. పెనం మీద అట్టు బొగ్గయింది. మా వారు దానితో మేకు కొడుతున్నారు, పక్కగదిలో! ఆ పూట నేనన్న మాటలు ఏ నవల్లోనూ నా నాయికలచేత అనిపించలేదు.

రెండోది అంతకన్నా సున్నితమైనది. నేను పోసిన ఆ జిల్లాలన్నిటినీ మా వాళ్ళు "బాగుంది, చాలా బాగుంది" అంటూ తినేవాళ్ళు. మాడినా బాగుంది. పిండి పిండిగా వున్నా బాగుంది. ఇరవయ్యేళ్ళపాటు "ఇవాళ పులుపు ఎక్కువైంది", "నీ చేతి సాంబారులో ఇంగువ పడదు" అని వంకలు పెట్టిన మనుషులే! మా అత్తగారైతే నా కాపురంలో ఒక్కపూట కూడా నా వంట మెచ్చుకోలేదు, అలాంటిది ఆవిడ కూడా "బాగానే వుందమ్మా" అనడం మొదలుపెట్టారు. ఆ "అమ్మా" విన్నప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు.

ఆవిడ రోజూ గుమ్మంలో నిలబడి నాకు కాపలా కాసేవారు. మాట్లాడరు, ఊపిరి వినిపిస్తుంది. నేను అట్లకాడ అందుకోగానే ఆ ఊపిరి ఆగిపోతుంది. తిరగేశాక మళ్ళీ వస్తుంది. ఒకరోజు విసుగొచ్చి, "అత్తయ్యగారూ, మీరొచ్చి ఒకటి పొయ్యండి. ఎప్పుడు తిరగెయ్యాలో ఎలా తెలుస్తుందో నాకు చెప్పండి" అన్నాను.

"తెలియడానికేముందే, చూస్తే తెలుస్తుంది" అన్నారు ఆవిడ, పిండి పోస్తూ.

"ఏం చూస్తారు?"

"అంచులు ఎర్రబడతాయి..." అని ఆగిపోయారు. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్లయ్యాయి. వంటింట్లో కళ్ళజోడు పెట్టుకోరు, ఆవిరి పడుతుందని. ఎర్రబడిన అంచు ఆవిడకి నిజంగా కనిపిస్తుందో లేదో ఆవిడే ఎప్పుడూ ఆలోచించుకున్నట్టు లేదు.

"కళ్ళు మూసుకోండి" అన్నాను.

"నీ వేషాలు నువ్వూను!" అన్నారు గానీ మూసుకున్నారు (వార్తావిభాగం ధ్రువీకరించింది). పెనం మీద వాన కురుస్తోంది. సన్నబడింది. ఇంకా సన్నబడింది. నేను నోరెత్తకముందే 'టక్కు' మని అట్లకాడ పెనానికి తగిలింది, అట్టు తిరగబడింది. కళ్ళు ఇంకా మూసుకునే వున్నారట. "అదేమిటే... చప్పుడు మారింది కదా మరి" అన్నారు, ఎవరో తనని మోసం చేసినట్టుగా. యాభై ఏళ్ళకి పైగా అట్లు పోసిన మనిషి ఆవిడ. ఆరోజు నా దగ్గర ఆరట్లు పోశారు, అన్నీ కళ్ళు మూసుకునే. ఒక్కటి మాత్రం జిల్లా అయింది.

కరెంటు పోయి ఇల్లంతా చీకటైన రాత్రి నేనొక్కదాన్నే చకచకా అట్లు పోసి అందర్నీ ఆశ్చర్యపరిచాను అని కూడా ఇక్కడ రాస్తే బాగుండేది. నవలైతే తప్పకుండా రాసేదాన్ని. ఏం చెయ్యను, మా ఇంట్లో ఇన్వర్టరు వుంది.

ఈ గొడవంతా చూసి మా అమ్మాయి తన ఫోనులో క్రిస్టీన్ హా అనే ఆవిడ గురించి వినిపించింది. అమెరికాలో పుట్టిపెరిగిన వియత్నాం పిల్ల. నరాల జబ్బుతో పెద్దయ్యాక చూపు పోయింది. 2012లో అక్కడి మాస్టర్‌చెఫ్ వంటలపోటీలో, కళ్ళున్నవాళ్ళందరితోనూ పోటీపడి, ఆవిడే గెలిచింది. మా అత్తగారు అంతా విని, "బాగానే వుంది. ఆవిడకి అట్లు వచ్చునా?" అన్నారు. తీరా కనుక్కుంటే వియత్నాం వాళ్ళకీ ఒక అట్టుంది! బియ్యప్పిండిలో పసుపు కలిపి పల్చగా పోసి, కూరముక్కలు పెట్టి సగానికి మడుస్తారు. దాని పేరు బాన్ సెయో. 'సెయో' అంటే వాళ్ళ భాషలో పెనం మీద పిండి పడ్డప్పుడు వచ్చే చప్పుడట. అంటే 'చుయ్‌రొట్టె' అన్నమాట! ఎక్కడో సముద్రాలకవతల ఎవరో ఇల్లాలు ఈ వంటకాన్ని కంటితో కాక చెవితో చూసి పేరు పెట్టింది. ఆ రాత్రి చాలాసేపు నాకు నిద్రపట్టలేదు, సంతోషంతో.

అట్లతద్ది వచ్చింది. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం గౌరీదేవికి నైవేద్యం, ముత్తైదువకి పదకొండు అట్లు వాయనం. వాయనం అట్లు చిరగకూడదు. "ఈ ఒక్కసారికీ వంటమనిషిచేత పోయిద్దాం" అన్నారు మా వారు. "నేనే పోస్తాను లెండి" అన్నారు మా అత్తగారు. నేను పోస్తానన్నాను. "దేవతకి జిల్లాలు పెడతావా?" అన్నారు ఆవిడ. వెటకారమే. కానీ చాలా రోజుల తరవాత ఆవిడ నాతో వెటకారంగా మాట్లాడడం అది. నాకు ప్రాణం లేచొచ్చింది.

గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యం, ముందురోజే నానబెట్టి రుబ్బి పెట్టాను. సాయంత్రం స్నానం చేసి, కొంగు బిగించి, పెనం పెట్టి, నడిమధ్య కూచుందో లేదో తడిమి, వెలిగించాను. పొద్దున్నుంచీ ఉపవాసం. కాళ్ళు వణుకుతున్నాయి, ఆకలో భయమో తెలీదు. మా అత్తగారు గుమ్మంలోనే వున్నారు. మొదటి మూడూ చక్కగా వచ్చాయి. నాలుగోది అట్లకాడకి పట్టుకుంది, తొందరపడ్డాను. చిరిగింది. వెనకాల ఊపిరి ఆగింది. నేను దాన్ని పక్కన పళ్ళెంలో వేసి, పెనం తుడిచి, మళ్ళీ ఉల్లిపాయ రుద్దాను... కాదు, ఆరోజు ఉల్లిపాయ పనికిరాదు, అరిటాకు ముక్క. పదకొండు అట్ల కోసం మొత్తం పదహారు పోశాను. చేతికి రెండుచోట్ల చురుక్కుమంది, అది ఎవరికీ చెప్పలేదు.

పై వాటాలోని ముత్తైదువ వచ్చి కొంగు కింద వాయనం అందుకుంది. ఇక చంద్రుడు. మేడమీదికి వెళ్ళాం. మబ్బు పట్టిందట. అట్లతద్ది కథ మీకు తెలుసు కదా, ఆకలికి సొమ్మసిల్లిన చెల్లెల్ని చూడలేక అన్నలు చెట్టుకి అద్దం కట్టి, మంట వెలుగు చూపించి, అదే చంద్రుడంటారు. పాపం ఆ పిల్ల నమ్మి తినేస్తుంది. ఆ కథ నాకు చిన్నప్పటినుంచీ భయం.

చాలాసేపటికి మా అమ్మాయి "వచ్చాడమ్మా!" అంది.

"చంద్రుడా, అద్దమా?" అన్నాను.

"ఒట్టు, చంద్రుడే. పక్కవాళ్ళ వాటర్‌ట్యాంకు పైన. కొంచెం అరిగిపోయి వున్నాడు" అని నా గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పింది. "కనిపించాడా?"

నోటిదాకా వచ్చింది ఆ పాతమాట. మింగేశాను. "లేదే" అన్నాను. నలభై ఏళ్ళుగా అట్లతద్దులు చేస్తున్నాను, ఆ మాట అనడం అదే మొదటిసారి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అత్తగారు, "పోన్లేవే, దణ్ణం పెట్టుకో. ఆయనకి నువ్వు కనిపిస్తావుగా" అన్నారు.

కిందికి వచ్చి అందరం అట్ల ముందు కూచున్నాం. నైవేద్యం వంటకం రుచి చూడకూడదు కదా, ఎలా వున్నాయో నాకూ తెలీదు. మా వారు "బాగున్నాయి" అన్నారు. మా వాడు "సూపర్" అన్నాడు. మా అత్తగారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, మింగి, మంచినీళ్ళు తాగారు.

"ఉప్పు తక్కువైందే అమ్మాయ్. రెండోవైపు కూడా ఇంకాస్త కాలాలి" అన్నారు.

అందరూ చప్పబడిపోయారు. మా వార్తావిభాగం కూడా నోరు మెదపలేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. గట్టుమీద ఎడమచేతివైపు మూలకి చెయ్యి చాస్తే, ఒక రబ్బరుబ్యాండున్న డబ్బా వుండాల్సిన చోటే వుంది. మిగిలిన పిండిలో చిటికెడు వేసి కలిపి, పెనం కింద మంట వెలిగించాను.